దేవుని కాడ దీపం

సిరిసిల్లలో భార్యాభర్తలూ వాళ్ళ ఆరేళ్ళ పాప హర్షిణీ హత్యకు గురై అయిదు రోజులైంది. చనిపోయినవాడి వదిన ఎదుట స్టూలు వేసుకుని కూర్చున్నాడు సీఐ. అడిగినవే మళ్ళీ అడగడం ఆయనకే విసుగ్గా ఉంది.

“ఆ దినం పొద్దుగాల లేచినకాడికెల్లి చెప్పమ్మా.”

“ఏమున్నది సారు. శుక్రవారమని అలుకు చల్లి, దేవుని కాడ దీపం ముట్టియ్యబోయిన. మైల వచ్చింది, వద్దన్నడు మా ఇంటాయన.”

“ఎవరు పోయిండ్రని అడుగలేదా?”

“మా ఇంటిపేరోళ్లు, పాలోళ్లల్ల ముసలోళ్లు శానమందున్నరు. ఎవరో పోయిండ్రనుకున్న.”

“అప్పటికి టైమెంత?”

“పాలాయన గూడ రాలే. ఆరు కాలే.”

“మరి మీ మరిదోళ్ల సంగతి ఎప్పుడు తెలిసింది?”

“పది గంటలకు. హర్షిణి బడికి పోలేదేందని పక్కింటామె తలుపు తీసి చూసి, ఉరికొచ్చి చెప్పింది.”

“ఆ దినం మీ పాలోళ్లల్ల ఇంకెవరన్న పోయిండ్రా?”

“లేదు సారు. మా మరిదోళ్లే...”

బయట అరుగు మీద, పలకరించవచ్చినవాళ్ళతో ఆమె భర్త మాట్లాడుతున్నాడు. సీఐ పెన్ను కదపలేదు.

“నీ మొగని మీదికి వస్తది. జర ఆలోచించుకొని చెప్పమ్మా.”

“హర్షిణికి రోజూ జడలేసేది నేనే సారు,” అందామె. “రాసుకోండ్రి. ఆ దినం నేను లేచేటాళ్లకే ఆయన తలకు పోసుకొని కూసున్నడు.”