చేసినోళ్ల పేరు చివర్న

మా ఆయన తీసెయ్యమన్యాడా? తీసెయ్యమనేకి ఆయనెవురంట? ముందు ఆ నిచ్చెన దిగు, కరుణాకరన్నా. ఈ అంగట్లో కెమెరా పెట్టిచ్చింది నేను. తీసేది కూడా నేను చెబితేనే.

దొంగల కోసమని చెప్పి పెట్టిస్తి కదా? అబద్ధం! ఆళ్లగడ్డ బజార్లో చీపుర్లు, బకెట్లు అమ్మే అంగడికి ఏ దొంగొస్తాడన్నా? నాకు మా ఆయన మాటలు కావల్ల. అందుకే మాట కూడా వినపడేది పెట్టమన్యా, నువ్వు పెడ్తివి. ఆయనకు ఆ సంగతి చెప్పొద్దంటి.

ఏం చేయాల మల్ల? పొద్దస్తమానం ఫోన్లో ఆ సుజాతతో మాట్లాడతాండాడు. నంద్యాల్లో కాలేజీలో పాఠాలు చెప్తాదంట. మాట్లాడేది తెలుగన్నా కాదు, క్లింగాన్ అంట! ఇంగ్లీషు సినిమా కోసం ఎవురో పుట్టిచ్చిన భాష. ఆకాశంలో యాడో ఉండే యుద్ధాలోళ్లు మాట్లాడేదంట. గొంతులో చెక్కిలం ఇరుక్కున్నట్టు ఒకటే గురగుర. మధ్యలో నవ్వొకటి! పెండ్లయిన కాన్నుంచి నా దగ్గర అట్ల నవ్వింది లేదన్నా. కడుపు మండదా?

నేనూ నేర్చుకున్యా, ఎవురికీ తెలీకుండా. అంతా యాడొస్తాది! కావల్సిన మాటలు పట్టుకున్యా. బెజ్ అంటే చూసేది. ఘోక్ అంటే చాటుగా నిఘా పెట్టేది. బెనల్వీ అంటే నా పెండ్లాం.

ఇంగ విను. మొన్న మధ్యాన్నం వంటింట్లో ఫోన్ చెవికాడ పెట్టుకోని ఈ కెమెరాలో మాటలు వింటాండా. ఆయన ఈడ కూర్చోని, ఆ భాష నేర్చుకునే ఇంకెవురితోనో చెప్తాండాడు. "సుజాతా ఘోక్ బెనల్వీ" అని.

మనం ఎట్ల అనుకుంటాం? సుజాత నిఘా పెట్టింది, నా పెండ్లాం మీద. అంతే కదా? ఎంత ధైర్యమన్నా దానికి! బస్సెక్కి నంద్యాలకు పోయినా. కాలేజీ క్యాంటీన్లో అందరి ముందర, "నా మొగుడు చాలక నా మీద కూడా నిఘానా?" అని అరిచినా.

ఆయమ్మ కోపం పడలేదన్నా. అదే నాకు ఇంకా మంట. కూర్చోబెట్టి, టీ తెప్పిచ్చి, నేను విన్న మాట ఏందో నాతోనే చెప్పిచ్చుకోని అప్పుడు చెప్పింది. "జ్యోతక్కా, ఆ భాషలో పని చేసినోళ్ల పేరు చివర్న వస్తాది. నిఘా పెట్టింది నువ్వు. నా మీద."

దొంగకు తేలు కుట్టినట్టు ఆ టీ తాగి, మల్ల బస్సెక్కినా.

నేను వింటాండానని ఆయనకు ముందే తెలుసంట! ఇంటికొచ్చినాక పాఠం చెప్పినాడు. ఆ యుద్ధాలోళ్లకు ఎదురుగా నిలబడి కొట్లాడేదే పరువంట, చాటుమాటు పనులు నామర్దా అంట. "అట్లయితే నిఘాకు మాటెందుకుండాది? వాళ్లలో గూఢచారులు లేరా?" అంటి. ఉండారంట! చూస్తివా? చెప్పేది పరువు, చేసేది నా పనే. ఈ మాటకన్నా నవ్వుతాడేమో అనుకున్యా. నవ్వలేదు. "నన్నడిగింటే నేర్పిచ్చేటోన్ని కదా" అనె. అని నీకు ఫోన్ చేసె.

అడగల్లంట! పెండ్లామైనాక కూడా అడుక్కోవల్లనా? ఆయమ్మ అడిగిందా?

అవునన్నా, కుళ్లే. నీ దగ్గర దాపరికమేంది? ఆయమ్మ మంచిది. వాళ్ల మధ్య ఏం లేదని నాకూ తెలుసు. ఏమన్నా ఉండింటేనే బాగుండు, జుట్టు పట్టుకోని కొట్లాడింటా. ఏం లేకుండానే ఆయన అంత సంతోషంగా ఉండాడే, దాన్నేం చేద్దును?

సరే, ఎక్కు నిచ్చెన. మాట వినపడేది తీసెయ్. బొమ్మ మాత్రం ఉండనీ. చూస్తాంటానని ఆయనకు నేనే చెప్తాలే, మొగం మీదే. ఘోక్ వద్దు, బెజ్ చాలు.

ఎందుకంటావా? ఆయన నవ్వేది నాకు కనపడేది దీంట్లోనే అన్నా. ఇంట్లో నవ్విన పొద్దు నీకు ఫోన్ చేస్తా. వచ్చి పీకేద్దువు గాని.