ఏప్రిల్ పదో తారీఖు నేను చెప్పిందే

నా పేరు చిలువేరు కరుణ. తండ్రి పేరు ఆగయ్య. వయసు 20. బీకాం చదువుతున్నాను. సూరత్ లింబాయత్‌లో ఉంటాం. నాయన మరమగ్గాల మీద పనిచేస్తాడు. మా అమ్మ వజ్రమ్మ చావు గురించి పోలీసులు మీరు అడిగినందుకు ఇది తెలుగులో నా చేత్తో రాసి ఇస్తున్నాను.

అమ్మకు గర్భసంచిలో గడ్డలు. క్యాన్సర్ కాదన్నారు. నెత్తురు పోయి పోయి ఒంట్లో హిమోగ్లోబిన్ ఆరు గ్రాములే మిగిలింది. ఆపరేషన్‌కు ముందు గడ్డలు తగ్గి, నెత్తురు పోవడం ఆగి, ఒంట్లో రక్తం పెరగడానికి డాక్టరమ్మ నెలకొకటి చొప్పున మూడు హార్మోన్ ఇంజెక్షన్లు వేశారు. డిసెంబర్ 12, జనవరి 9, ఫిబ్రవరి 6. ఆమె హిందీలో చెప్పినదాన్ని అమ్మకు నేనే తెలుగులో చెప్పేదాన్ని. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే.

నెత్తురు ఆగింది. ఒంట్లో మాత్రం ఆవిర్లు వచ్చేవి. "చలికాలంల ఫ్యానేస్కుంటున్న, సేఠానీనైన" అని అమ్మ నవ్వేది.

ఆపరేషన్‌కు మార్చి 5న రమ్మన్నారు. "ఇది నయం కావడం కాదు. మందు పని అయిపోతే మళ్లీ మొదలవుతుంది, ఆలస్యం చేయొద్దు" అని డాక్టరమ్మ అన్నారు. ఈ మాట నేను అమ్మకు చెప్పలేదు. నా పరీక్షలు మార్చి 3 నుంచి 19 వరకు. ఆస్పత్రిలో అమ్మ దగ్గర ఉండాల్సింది నేనే. "ఏప్రిల్ పదికి రమ్మన్నరు" అని చెప్పాను. మార్చి 4న ఆస్పత్రికి ఫోన్ చేసి అమ్మకు జ్వరం అన్నాను. 14న వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. నేను ఎత్తలేదు. పరీక్షలయ్యాక కూడా తీసుకెళ్లలేదు. అబద్ధం బయటపడుతుందని.

మార్చి 29న నెత్తురు మళ్లీ మొదలైంది. ఏప్రిల్ 5న "దవాఖానకు పోదాం అమ్మా" అన్నాను. "ఐదు దినాలైతే వాళ్లిచ్చిన తారీఖే కద, జర ఆగు. ముందుగాల పోతే డాక్టరమ్మ కోపం చేస్తది" అన్నది. అప్పుడు కూడా నేను చెప్పలేదు.

ఏప్రిల్ 8 ఉదయం 7.20కి నల్లా దగ్గర పడిపోయింది. షేరింగ్ ఆటోలో నా ఒడిలో పడుకోబెట్టుకున్నాను. "సీటు ఖరాబైతది, కొంగు కిందెయ్యి" అన్నది. కొంగు వేశాను. 8.05కి ఆస్పత్రిలో చనిపోయిందన్నారు.

ఆస్పత్రి ఆలస్యం చేసిందని నాయన మీ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాడు. అమ్మ తమ్ముడు సోమలింగం మామకు నిన్న నిజం చెప్పాను. "నోర్మూస్కో బిడ్డా. తారీఖు వాళ్లే ఇచ్చిన్రని చెప్పు. లేకుంటే మీ నాయిన నీ మొఖం చూడడు" అన్నాడు.

ఆ తారీఖు నాది. డాక్టరమ్మ తప్పు లేదు. నాయనకు చదవరాదు. ఇది ఆయనకు నేనే చదివి వినిపిస్తాను. అప్పటిదాకా ఎవరూ చెప్పవద్దు.

పైన రాసిందంతా జరిగింది జరిగినట్టు. ఎవరి బలవంతమూ లేదు. రెండుసార్లు చదువుకున్నాను. మార్చవలసింది ఏమీ లేదు.

(సంతకం) చి. కరుణ
11-4-2025, ఉదయం 11.40, సూరత్