ఐసీయూ తలుపు తాళంచెవి

సభాధ్యక్షులు, మన పెద్ద డాక్టరు బోహ్దాన్ ఓస్తాపోవిచ్ గారికి, ఫాదర్ వాసిల్ గారికి, నర్సులకు, నాతోపాటు నేలలు తుడిచే ఆడవాళ్లకు, ఆరోగ్యమంత్రి పదవి నుంచి రేపు దిగిపోతూ మమ్మల్ని చూడటానికి కీవ్ నుంచి ఇంత దూరం వచ్చిన మారెట్ గారికి నమస్కారాలు. బడి మానేశాక చర్చిలో ఇచ్చే ప్రార్థన చీటీలు తప్ప నేనేమీ రాయలేదు. మీ ముందు నిలబడితే నోరు పెగలదని తెలిసి, ఇన్నాళ్లకు కలం పట్టాను.

ఈవిడ పుట్టింది ఎస్టోనియాలో. మన రోగాల సంగతి పరాయి దేశపావిడకేం తెలుసని మొదట్లో అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. నవ్వకు స్తెఫా, పక్క వార్డు తుడుస్తూ నువ్వూ అన్నావు.

రెండేళ్ల కిందట ఒక ఉదయం ఐసీయూ గుమ్మం ముందు బూడిదరంగు కోటుతో ఒకావిడ నిలబడి ఉంటే, ఎవరో రోగి తాలూకు మనిషి అనుకున్నాను.

"ఎక్కడికమ్మా, దూసుకొస్తున్నావ్? బూట్లకు తొడుగులేవి?"

"తేలేదండీ."

"తేలేదా! ఇదిగో చీటీ. సిరంజీలు, గాజుగుడ్డ, చేతి తొడుగులు, బ్లీచింగ్ పౌడరు. తెచ్చిచ్చి బయట కూర్చో."

అందరికీ అలాగే ఇచ్చేవాళ్లం కదా. ఆవిడ మందుల షాపుకు వెళ్లి, సంచీతో తిరిగొచ్చారు.

"బ్లీచింగ్ ఒక్కటే దొరకలేదండీ, రేపు తేవచ్చా?"

అప్పుడే బోహ్దాన్ ఓస్తాపోవిచ్ గారు కోటు గుండీలు తప్పుగా పెట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "పరాస్కా! మంత్రిగారికి చీటీ ఇచ్చావా?" (నవ్వులు)

ఆవిడ కోప్పడలేదు. "ఈ తలుపెందుకు మూస్తారు?" అన్నారు. సూక్ష్మక్రిములొస్తాయన్నాను. "మీ వాళ్లెవరైనా ఎప్పుడైనా లోపల ఉన్నారా?" అన్నారు. నేను వంగి, తుడిచిన గుమ్మమే మళ్లీ తుడిచాను.

మా ఆయన మికోలా ఆ తలుపు వెనకాలే పోయాడు. పదకొండు గంటలు బయట బెంచీ మీద, బూట్ల తొడుగులు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తర్వాత అదే గుమ్మంలో నాకు పని ఇస్తే, నాలుగేళ్లు నేనే ఇతరుల్ని ఆపాను. మన్నించండి.

మరుసటి నెలలో మారెట్ గారి ఉత్తర్వు వచ్చింది, అయినవాళ్లు మంచం పక్కన కూర్చోవచ్చని. మొన్న హ్నాత్ తాత తన భార్య ఒరీనాకు కీర్తన పాడుతుంటే, నాలుగు రోజులుగా కళ్లు తెరవని మనిషి తెరిచి, "ఆపరా ముసలోడా, రాగం పాడుచేస్తున్నావు" అంది. (నవ్వులు) ఇప్పుడు మామూలు వార్డులో బోర్ష్ సూపు బాలేదని గొడవ చేస్తోంది.

కొత్త మంత్రి పాత పద్ధతే తెస్తారంటున్నారు. ఉత్తర్వొస్తే మూయక తప్పదంటూ, మన బోహ్దాన్ ఓస్తాపోవిచ్ గారు చలికాలంలో కనిపించకుండా పోయిన ఆ తలుపు తాళంచెవిని అప్పట్నుంచీ వెతికిస్తున్నారు. కొత్త తాళం కోసం పెట్టిన అర్జీ మూడు ఆఫీసులు తిరుగుతోంది. తిరగనివ్వండి. విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు.

*

మారెట్ గారూ, ఈ చివరి కాగితం సభలో చదవలేదు, మిగతావాటితో కలిపి మీ చేతికే ఇస్తున్నాను. తాళంచెవి మా ఇంట్లో సెయింట్ నికొలాయ్ పటం వెనకాల ఉంది. పాపమైతే చెప్పమని రోజూ ఆయన్ని అడుగుతున్నాను, ఇంకా ఏమీ అనలేదు. ఫాదర్‌కు ఈస్టర్‌కి చెప్పుకుంటాను. తలుపు మాత్రం తెరిచే ఉంటుంది, మీరు నిశ్చింతగా వెళ్లిరండి. ఈ కాగితాలు దాచుకోండి, ఎవరికీ చూపించకండి. సెలవు.