నొప్పి తెలియని పిల్ల

నాలుక కొరికేసుకున్న రెండేళ్ల కూతుర్ని ఒళ్లో పెట్టుకుని తల్లి డాక్టరమ్మ ఎదుట కూర్చుంది. పిల్ల నోట్లో రక్తం, మొహంలో నవ్వు.

"దీనికి నొప్పెందుకు తెలీదు మేడమ్?"

"కడుపులో ఉన్నప్పుడే నరాలు పెరగమని ఒంట్లో ఒక పదార్థం కబురు పెడుతుందమ్మా. ఆ కబురందుకునే రిసెప్టర్ పాపకి పుట్టుకతోనే పనిచెయ్యదు. అందుకే నొప్పి తెలిపే నరాలు బతకలేదు."

"ఆ పదార్థమే ఇంజెక్షన్ చెయ్యండి."

"అది పాప ఒంట్లో బోలెడుంది. అందుకునేదే లేదు."

"నా నరాలు తీసి పెట్టండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"కుదరదమ్మా. దెబ్బలు, కాలినవి, వాపులు... రోజూ ఒళ్లంతా మీరే వెతకాలి."

"ఎన్నాళ్లు?"

"తనంతట తాను వెతుక్కోగలిగేదాకా."

తల్లి పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, మేజోళ్లు విప్పి, కాలివేళ్లు ఒక్కొక్కటే విడదీసి చూడసాగింది.