వినుకొండకు కళ్ళు తిరిగాయి

మిరపచేలో వంగి లేస్తూ కళ్ళు తిరిగి పడ్డానని, పోయిన నెల నుంచీ కూలీల మేస్త్రి పేరమ్మ నన్ను కోతకు పిలవడం లేదు. అందుకే ఈ పొద్దున సిలార్ టీకొట్టు ముందు ఆమె కూలీల ఆటో ఆగి, ఆమె టీకి దిగగానే, బెంచీ మీద పక్కన చేరి అందుకున్నాను.

"ఈ మాబూబీకి ఇక తిరుగుడు లేదు పేరమ్మా! గుంటూరులో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి హేమశ్రీ ఏమందో తెలుసా? చెవిలో సన్న రాళ్ళుంటాయంట, అవి చోటు తప్పితే లోకం గిర్రున తిరుగుద్దంట. నన్ను పడుకోబెట్టి తల ఇటు తిప్పింది, అటు తిప్పింది, పక్కకు దొర్లించింది. నావి సన్న రాళ్ళా? కంకర! టిప్పర్ దింపినట్టు చప్పుడైతే కింద వీధిలో జనం పరుగులు పెట్టారు."

"ఇక్కడ నా గ్లాసులు కూడా అదిరాయిలే పిన్నీ," అన్నాడు సిలార్ టీ వడపోస్తూ.

"చూశావా, సాక్ష్యం! తర్వాత చేతి బొటనవేలు కళ్ళ ముందు పెట్టి, చూపు దాని మీదే ఉంచి తల ఊపమంది. ఊపానా, అడుగుకు అడుగు ఆనించి గీత మీద నడవమంది. గీతేమిటి, డ్రిప్పు పైపు మీద నడిచా. పైపేమిటి, చీరాల పోయి వీధిలో సాచిన పడుగు మీద నడిచా, ఒక్క పోగు తెగితే ఒట్టు! నేతవాళ్ళు 'ఇంకోసారి నడువమ్మా, పోగులు సాఫీగా వస్తున్నాయి' అని బతిమాలారు. అక్కడి నుంచి కరెంటు తీగ పట్టుకుని..."

"పట్టుకునా?" అంది పేరమ్మ.

"తీగెక్కి! నెత్తిన మిరపకాయల టిక్కీ బస్తాతో వినుకొండ చేరి, కొండెక్కి, ఇదిగో ఇలా..." చూపించడానికి లేచి ఒంటికాలి మీద నిలబడ్డాను. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను చూసి కొండకే కళ్ళు తిరిగాయి! ఊగిపోతోంది పాపం. దాని లోపలా రాళ్ళే కదా! తల పట్టుకుని ఇటు తిప్పా, అటు తిప్పా, పక్కకు దొర్లించా. రాళ్ళన్నీ చోట్లో కూర్చున్నాయి. కావాలంటే పోయి చూడు, ఇప్పటికీ కదలకుండా ఉంది!"

ఆటోలో ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. పేరమ్మ నవ్వలేదు.

"అంతా బాగుంది గానీ అత్తా, లేచిన కాడి నుంచీ నా భుజం పట్టుకునే ఉన్నావు. వదిలితే టీ తాగుతా."

"నువ్వు పడతావేమోనని పట్టుకున్నానే!" అన్నాను.

ఆటోలో మళ్ళీ నవ్వులు. వదిలాను. కాలు దించాను. చెయ్యి చాపి, బొటనవేలి మీద చూపు పెట్టి తల ఇటూ అటూ ఊపాను. వంగి, ఊడిన చెప్పు అందుకుని, లేచాను. సిలార్ కొట్టు ఉన్నచోటే ఉంది.

పేరమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఎక్కత్తా. చేను ఊగితే మాత్రం నాకు చెప్పు."

"కొండనే కూర్చోబెట్టా, చేనెంత!" అంటూ ఎవరి చెయ్యీ అందుకోకుండా ఎక్కాను.