గడియలు పట్టుకెళ్ళిన కమిషనరు గారు

ఈ పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న విచారణాధికారి గారికీ, ఆయన పక్కనే ఒళ్ళో పూలగుత్తి, నెత్తిన దొంగతనం ఆరోపణ పెట్టుకుని కూర్చున్న మా కమిషనరు గారికీ, ముందు వరసలోంచి ఆయన్ని కళ్ళతోనే నిలదీస్తున్న ఆయన శ్రీమతి, మా వదినగారికీ, పెద్దలకూ, సాటి ఉద్యోగులకూ, ఫలహారాలు ఎప్పుడు వస్తాయా అని గుమ్మం వదలని పన్నుల విభాగం మిత్రులకూ నమస్కారం. (నవ్వులు)

నేను ఈ పురపాలక కార్యాలయంలో జనన మరణ ధ్రువపత్రాల విభాగం సూపరింటెండెంటుని. నా ఉద్యోగమంతా పుట్టినవాళ్ళతోనూ పోయినవాళ్ళతోనూ గడిచిపోయింది కాబట్టి మధ్యలో ఉన్నవాళ్ళ ముందు మాట్లాడటం అలవాటు లేదు. అయినా ఎందుకు లేచానంటే, అధ్యక్షులవారు పొద్దున ఒక మాట అన్నారు. "ఆయన ఎందుకు తీశారో నమ్మదగ్గ కారణం ఒక్కటి చెప్పండమ్మా, ఈ సభ అయ్యేలోపు కేసు కొట్టేస్తాను. లేదంటే దొంగ అన్న మాటతోనే ఇంటికి పంపాల్సి వస్తుంది" అన్నారు. మా సారేమో నోరు విప్పరు. అడిగితే నవ్వుతారు. ఇదుగో, ఇప్పుడూ అదే నవ్వు.

సారు బంధువుల కోసం సంగతి చెబుతాను. మా ఆఫీసులో టీ వేళకి తలుపులు మూసి లోపల గడియ పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. టీ ఎంతసేపు తాగాలన్నది తాగేవాళ్ళ ఓపిక. అలాంటిది, కొన్నాళ్ళ క్రితం ఆ గడియలు ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది. తలుపులు ఉన్నాయి, గడియలు లేవు. స్టోర్ కీపరు తమ్ముడు ఫిర్యాదు చేశాడు. వెతగ్గా వెతగ్గా కమిషనరు గారి క్యారియరు సంచిలో స్క్రూడ్రైవరు దొరికింది. కళ్ళజోడు బిగించుకోవడానికి అన్నారు సారు. అంత స్క్రూడ్రైవరుతో బిగించాలంటే ఆ కళ్ళజోడు ఏనుగుదై ఉండాలి. (నవ్వులు)

సరే, కారణం ఏమిటి? ఇనుము అమ్ముకున్నారు అంటాడు స్టోర్ కీపరు. తమ్ముడూ, తల దించుకోకు, నీ ఉద్యోగ ధర్మం నువ్వు చేశావు. కానీ ఆ గడియలన్నీ పోగేసి పాత ఇనుము కింద అమ్మినా ఆ స్క్రూడ్రైవరు ఖరీదు కూడా రాదు. కాదు, అల్లుడుగారు కట్టుకుంటున్న ఇంటికి పంపారు అని టైపిస్టమ్మ అనుమానం... ఏమిటి వదినగారూ? కాస్త గట్టిగా చెప్పండి, వెనకవాళ్ళకి వినబడాలి. "ఆ ఇంటికి ఇంకా తలుపులే లేవు, కర్టెన్లు కట్టుకుని కాపురం చేస్తున్నారు" అంటున్నారు. విన్నారుగా. పోనీ అదొక జబ్బేమో, గడియ కనబడితే చేతులు ఊరుకోవేమో అని పన్నుల విభాగం వారి ఊహ. వదినగారూ, సారు ఇంట్లో ఎప్పుడైనా ఏదైనా ఊడదీశారా? "ఊడినవి బిగించమని ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నా ముట్టుకోరు" అంటున్నారు! (పెద్ద నవ్వులు) కాబట్టి జబ్బు కూడా కాదండీ.

సంగీతం మీద అభిమానమని నేను కొన్నాళ్ళు నమ్మాను. ఎందుకంటే బాత్రూము గడియ కూడా పోయింది. అప్పటినుంచి లోపలికి వెళ్ళినవాళ్ళు మేమున్నామని తెలియడానికి పాట పాడాల్సి వస్తోంది. మన క్యాషియరు గారు నోట్లో నాలుక లేని మనిషి కదా, ఆయన గొంతు అంత బాగుంటుందని ఎవరికి తెలుసు? మొన్న వచ్చిన ఆడిటరు గారికి పాటలు రావట. పాపం, ఎక్కాలు చదివారు. (నవ్వులు ఆగడానికి కొంతసేపు పట్టింది)

నవ్వింది చాలు. ఇప్పుడు నేను చూసింది చెబుతాను. సారూ, మీరు అలా చెయ్యి ఊపినా నేను ఆగను.

ఒకరోజు టీ వేళ నేను పైఅంతస్తు నుంచి వచ్చేసరికి మా గది తలుపు మూసేసి ఉంది. లోపల ఎవరిదో పుట్టినరోజు, కేకు కోస్తున్నారు. నేను బయట, నా కుర్చీ లోపల. పాప పుట్టిందని రాయించుకోవడానికి వచ్చిన ఒకాయన, ఆ పాపని ఎత్తుకుని అక్కడే నిలబడ్డాడు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. అప్పుడు కమిషనరు గారు అటుగా వచ్చి పాపని భుజాన వేసుకుని తలుపు కొట్టారు. తీయలేదు. మళ్ళీ కొట్టారు. "టీ టైమండీ, తర్వాత రండి!" అని లోపలినుంచి అరిచారు. కొట్టేది కమిషనరని తెలిస్తే ఎగిరి గంతేసి తీసేవాళ్ళే. ఎవరో జనం అనుకున్నారు, అంతే. సారు నా వైపు తిరిగి, "రోజూ ఇంతేనా అమ్మా?" అన్నారు. ఆయన మొహం అలా వాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ మర్నాటికి మా తలుపుకి గడియ లేదు.

అధ్యక్షా, ఇదీ కారణం. మీ విచారణలో గడియల పొడవూ బరువూ అడిగారు గానీ ఇది అడగలేదు. సారు చెప్పలేదంటే, చెబితే ఆ రోజు లోపల ఉన్నవాళ్ళ మీదికి వస్తుందని. బాత్రూముది ఎందుకు తీశారో మాత్రం నాకూ తెలియదు. ఊపులో తీసేసి ఉంటారు. (నవ్వులు)

మీరు వస్తున్నారని నిన్న ప్రతి గదికీ కొత్త గడియలు బిగించారు. మా గదిది ఇదిగో. (చేతిసంచిలోంచి గడియ తీసి బల్ల మీద పెట్టారు) పొద్దున నేనే ఊడదీశాను. కేసు ఉంచదలుచుకుంటే నా పేరు కూడా రాసుకోండి. సారు వెళ్ళిపోతుంటే నాకు దుఃఖంగా ఉంది, భయంగా కూడా ఉంది. ఆయన వెనకే ఆ తలుపులు మళ్ళీ మూసుకుపోతాయని భయం.

ఇంతసేపు ఓపిగ్గా విన్న అందరికీ, మాటకి మాట అందించిన వదినగారికీ కృతజ్ఞతలు. సారూ, రేపటి నుంచి మీరూ జనమే. ఏ పని ఉన్నా రండి, టీ వేళైనా సరే. మా తలుపు నెడితే తెరుచుకుంటుంది. సెలవు.