చెవి మిషన్‌లో రాసి ఉన్నది

ఉప్పల్‌లో చెవి మిషన్లు అమ్మే చిన్న దుకాణం. నాచారం నుంచి భర్త మొగిలయ్యను వెంటబెట్టుకుని వెంకటనర్సమ్మ రావడం ఈ నెలలో ఇది మూడోసారి. ఆయన చెవి మిషన్‌ను వైరుతో కొత్త ల్యాప్‌టాప్‌కు తగిలించి, దుకాణంలో పనిచేసే హరిణి కుస్తీ పడుతోంది.

“ఇంకెంతసేపు బిడ్డా? సగం పూట సెలవు పెట్టొచ్చిన. సూపర్‌వైజర్ రెండుసార్లు ఫోన్ జేసిండు.”

“ఐదు నిమిషాలు ఆంటీ.”

“గదే ఐదు నిమిషాలు పోయిన మంగళవారం గూడ అన్నవ్.”

“అప్పుడు పాత ల్యాప్‌టాప్ ఖరాబైంది. కొత్తది తెచ్చినం. ఇందులోనేమో ఈ సాఫ్ట్‌వేర్ ఓపెన్ కానంటుంది.”

“కొత్తదాంట్ల ఎందుకు గాదు?”

“కొత్తదైనందుకే. తెరవగానే నీది ఏ విండోస్ అని కంప్యూటర్‌ను అడుగుతది. పదకొండు అనంగనే నాకు తెల్వదని మూసుకుంటది.”

“అయితే కొత్త సాఫ్ట్‌వేర్ ఎయ్యరాదు?”

“అంకుల్ మిషన్ పాత మోడల్, కొత్తదాంట్లో లేదు. అందుకే... ఆగండి... అడిగితే నేను విండోస్ ఏడు అని చెప్పమని కంప్యూటర్‌కు చెప్తున్నా.”

“అబద్ధం చెప్పిస్తున్నవా?”

“అబద్ధమే. ఛ! మళ్ళీ అదే ఎర్రర్!”

“నమ్మలేదా?”

“నమ్మలేదు.”

“నీ కంప్యూటర్ గూడ మా ఆయనసొంటిదే, ఎంత జెప్పినా ఎక్కదు. ఇరవయ్యారేండ్లు ఫ్యాక్టరీల రేకులు నొక్కే ప్రెస్ షాపు చప్పుడుకు చెవులు పాయె. మిషన్ పెట్టిస్తే జర బాగైండు. మూడు వారాల సంది మళ్ళ గోడతోటి మాట్లాడినట్టే. నిన్న గ్యాస్ బండాయన గేటు కాడ మొత్తుకుంటుంటే కుర్చీల నుంచి లేవలే.”

“ఎనిమిది పెట్టి చూస్తా.”

“గది గాకపోతే తొమ్మిది పెట్టు.”

“తొమ్మిది లేదాంటీ.”

“ఎందుకు లేదు?”

“నాకు తెల్వదు! ... సారీ ఆంటీ. పొద్దుగాల నుంచి ఇదే పని.”

“సరే సరే. కానీ.”

“వచ్చింది... ఆంటీ, ఓపెన్ అయింది! నమ్మింది!”

“ఏడ ఖరాబైందో సూడు మరి.”

“మైక్ బాగుంది. స్పీకర్ బాగుంది. ... ఆంటీ, మూడు వారాలన్నరు కదా?”

“అవు. ఏంది, గట్ల జూస్తున్నవ్?”

“రోజుకు ఎన్ని గంటలు పెట్టుకున్నరో ఇందులో రాసి ఉంటది. పదమూడు గంటలు. ఈ మూడు వారాల్లో సౌండ్ కూడా అంకులే బటన్ నొక్కి పెంచుకున్నరు.”

“అంటే?”

“అంటే... మిషన్‌కు ఏం కాలేదు.”

“ఇటియ్యి. నేనే పెడ్త ఆయన చెవుల. ... ఏమయ్యా, ఇనబడుతుందా? గీ పిల్ల ముంగట నిజం జెప్పు.”

“అంకుల్, చెప్పండి.”

“ఇనబడుతది నర్సమ్మా. అన్నీ ఇనబడుతయి.”

“మరి నన్నెందుకు ఆగం జేసినవ్? సెలవులు పెట్టుకుంట, బస్సులెక్కుకుంట, ఎందుకు తిప్పినవయ్యా!”

“నువ్వు నీ చెల్లెతోటి ఫోన్ల గుసగుసలాడుతుంటే ఒక మాట నా చెవుల వడ్డది. ఇనబడుతదని తెలిస్తే మళ్ళ నా ముందల మాట్లాడకపోదువు.”

“ఏం... ఏం మాట్లాడిన నేను?”

“రొమ్ముల గడ్డయింది, మీ బావకు జెప్పకు అన్నవు. నీ అంతట నువ్వే నాకు చెప్తవని ఇరవై దినాల సంది ఎదురుసూస్తున్న. ఇగ నాతోని గాదు. లే, దవాఖానకు పోదాం.”